తెల్లరాయి లోతు

మా కోటిలింగం మాస్టారు నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం ఒకే లెక్క చేస్తున్నారు. అదే క్వారీ గుంట, అదే రాయి, అవే రెండు మూలమట్టాలు. ప్రతిసారీ పన్నెండడుగులే వస్తుంది. ఆ గుంటలో మెకానిక్కు పేతురు మునిగిపోయిన రోజు ఫైరింజను వాళ్లు తాడు వేసి కొలిస్తే పదహారు వచ్చింది. మధ్యలో ఆ నాలుగడుగులు ఏమయ్యాయో తేలక మనిషి సగమైపోయారు. ఏమయ్యాయో నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ఈ నెలాఖరుకి మాస్టారు రిటైరవుతున్నారు. స్కూల్లో అభినందన సంచిక వేస్తారట, "రామతులసి మేడం, మీరు ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశారు గదా, నాలుగు మంచి మాటలు రాయండి" అన్నారు. మంచి మాటలు రాయడానికి శాలువాలు కప్పేవాళ్లు చానామంది ఉన్నారు. నేను జరిగింది రాస్తాను. వేస్తే వేసుకోండి, లేకపోతే పొయ్యిలో పెట్టుకోండి.

మాస్టారిది నరసరావుపేట. కిరాణా కొట్టు ఇల్లు. చిన్నప్పుడు బెల్లం దిమ్మను చేత్తో ఎత్తి బరువు చెప్పేవారట. అందులో గొప్పేముంది, కొట్టు పిల్లలందరూ చెప్తారు. ఈయన మాత్రం తప్పు చెప్పినప్పుడు ఎంత తప్పిందో పొట్లాల కాగితం మీద రాసిపెట్టుకునేవారు. ఒప్పయినవి రాసేవారు కాదు. వాళ్ల నాన్న ఆ కాగితాలు చూసి, "ఒరేయ్, తప్పులు దాచిపెట్టుకునే వెర్రివాణ్ణి నిన్నే చూశా" అని నెత్తిన ఒకటి వేశాడట. కొట్టు తమ్ముడికి వదిలేసి ఈయన లెక్కల మాస్టారై, గురజాల నుంచి మాచర్ల పోయే దోవలో ఉన్న మా జిల్లా పరిషత్ హైస్కూలుకి వచ్చారు. నేను అప్పటికే అక్కడ ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను.

ఒకసారి గుంటూరులో ట్రైనింగు నుంచి ఒక జిరాక్సు కట్ట మోసుకొచ్చారు. పూర్వం చైనావాళ్లు లెక్కలు ఎలా చేశారో అందులో ఉంది. ఇక ఆ రోజు నుంచి మనిషి మనిషి కాదు. చీపురు పుల్లలు సమానంగా విరిచి, సగం కుంకుమ నీళ్లలో ముంచి, సగం మసి పూసి క్లాసుకి తెచ్చేవారు. ఎర్రపుల్ల ఉన్నది, నల్లపుల్ల లేనిది. ఎర్రది ఒకటీ నల్లది ఒకటీ ఎదురుపడితే రెండూ మాయం. మైనస్ అంటే జడుసుకునే పిల్లలు కూడా నేల మీద పుల్లలు పేర్చి లెక్కలు విప్పేసేవారు.

ఆయనకి మరీ ఇష్టమైన పద్ధతి ఇంకొకటుంది. "తలా అయిదు రేగుపళ్లు పంచితే ఆరు మిగిలినయ్యి. తలా ఆరు పంచితే మూడు తక్కువైనయ్యి. పిల్లలెంతమంది?" అని అడిగేవారు. మిగిలిన ఆరూ, తగ్గిన మూడూ కలిపితే తొమ్మిది. పంపకంలో తేడా ఒకటి. తొమ్మిదిని ఒకటితో భాగిస్తే తొమ్మిదిమంది పిల్లలు. పళ్లు యాభై ఒకటి. రెండు పంపకాలూ తప్పే. అయినా ఆ రెండు తప్పుల్లోంచి ఒప్పు వచ్చింది. "తప్పు చేస్తే సిగ్గుపడకండిరా. దాచిపెడితే సిగ్గుపడండి. రెండు తప్పులు పక్కపక్కన పెట్టి చూడండి, ఒప్పు దానంతటదే బయటికొస్తుంది" అనేవారు. ఆ మాట నేను స్టాఫ్‌రూములో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో.

ఇక నా సంగతి. నా నోటి సంగతి ఊరంతా ఎరిగిందే. కరెంటాఫీసు వాళ్లు కూడా నాతో పెట్టుకోరు. "ఆ మేడం నోట్లో నోరు పెట్టకండి" అని కొత్తగా వచ్చిన టీచర్లకి మొదటిరోజే చెప్పి పంపిస్తారు. అలాంటి నాతో, నాలుగేళ్ల కింద ఫిబ్రవరిలో, అందరూ అన్నాలు తింటుండగా మాస్టారు అన్నారు: "సైన్స్ ఏముంది మేడం, కంఠస్థం. లెక్క ఒక్కటే మనిషి బుర్రతో పుట్టేది." ఆయన ఊరికే అన్నారు, ఆ క్షణమే మర్చిపోయారు కూడా. నేను మర్చిపోలేదు. మనసులో పెట్టుకున్నాను.

ఆ వారమే రైతు యల్లమంద స్కూలుకి వచ్చాడు. ఊరి చివర నాపరాయి తీసి వదిలేసిన క్వారీ గుంట ఉంది. వాన నీళ్లు నిండి, ఊట వల్ల మట్టం తగ్గకుండా, అద్దంలాగా ఉంటుంది. అంచు కింద, అడుగున, తెల్లరాయి ఒకటి గేదె పడుకున్నట్టు కనపడుతుంది. అందులో మోటారు వేసి మిరపతోటకి నీళ్లు పెట్టుకోవాలి, పైపు ఎన్ని అడుగులు దించాలో లోతు చూసి చెప్పమని అడిగాడు. తాడు కూడా వెంట తెచ్చుకున్నాడు. "తాడు చుట్టెయ్ యల్లమందా. తాడుతో ఎవడైనా కొలుస్తాడు" అన్నారు మాస్టారు. ఆయన జిరాక్సు కట్టలో సరిగ్గా ఈ లెక్కే ఉంది మరి. పదిహేడు వందల యేళ్ల కిందట చైనాలో ఒక పెద్దాయన, తేట నీటి మడుగులో తెల్లరాయి చూసి, దిగకుండా, తాకకుండా, గట్టు మీద నుంచే లోతు చెప్పాడు.

ఆదివారం పొద్దున్నే అందరం వెళ్లాం. నేను ఉప్మా బాక్సు కూడా పట్టుకెళ్లాను. మాస్టారు వడ్రంగి దగ్గర చేయించిన రెండు మూలమట్టాలు తెచ్చారు. వడ్రంగి వాడే ఎల్ ఆకారపు చెక్కే, కాకపోతే కాస్త పెద్దది. ఒకటి గట్టు అంచున, ఇంకొకటి నాలుగడుగుల పైన గెడకి బిగించారు. నిలువు చెక్క చివర కన్ను పెట్టి ముందు నీటి అంచు చూశారు, తర్వాత అడుగున తెల్లరాయి చూశారు. చూపు అడ్డచెక్కని ఎక్కడ కోస్తే అక్కడ సుద్దతో గీత. పైనుంచి మళ్లీ అంతే. గీతల తేడా పట్టుకుని ఒక గుణకారం, ఒక భాగహారం. నీటి అంచుకి వచ్చింది రాయికి వచ్చినదాంట్లోంచి తీసేశారు. పన్నెండడుగులు.

అందరూ చప్పట్లు కొట్టారు. అదే క్షణంలో నాకు తోచింది. ముప్పై యేళ్లుగా పదో తరగతికి నేను చెప్తున్న పాఠమే. గిన్నెలో రూపాయి బిళ్ల వేసి, అది కనపడనంత దూరం జరిగి నిలబడమంటాను. నీళ్లు పోయగానే బిళ్ల పైకి లేచినట్టు కనపడుతుంది. నీళ్లు వెలుగుని వంచుతాయి. పైనుంచి చూసేవాడికి లోతులో నాలుగింట మూడు వంతులే కనపడుతుంది. చైనా పెద్దాయనకి ఆ సంగతి తెలియదు. మా మాస్టారికి తట్టలేదు. నాకు తెలుసు, తట్టింది, నోటిదాకా వచ్చింది. మింగేశాను. గాలివాన వచ్చినా మూతపడని నోరు ఆ రోజు మూతపడింది.

యల్లమంద ఎర్రరంగు తెచ్చి గట్టు బండ మీద రాశాడు: నీటి లోతు 12 అడుగులు. కింద మాస్టారి పేరు కూడా రాశాడు.

సోమవారం మోటారు దించారు. గురువారం నీళ్లు రావడం ఆగిపోయింది. అడుగున పైపు మూతికి ఉండే ఫుట్‌వాల్వుకి నాచు చుట్టుకుందన్నారు. పంపుల మెకానిక్కు పేతురుని పిలిచారు. ఇరవై ఏడేళ్ల కుర్రాడు. ఈత రాదు. ఈత రాకపోయినా బావుల్లో పనిచేసేవాడు. నీళ్లలో గెడ నిలబెట్టి, దాని మీద బరువు మోపి, పట్టుకుని దిగేవాడు. వాళ్ల నాన్న ఏసోబు నేర్పిన పద్ధతి. బండ మీద అంకె చదువుకుని, "పన్నెండేగా, మన పద్నాలుగడుగుల గెడ చాల్లే" అన్నాడట. గెడ నీళ్లలో పెట్టి, అడుగు తగిలే ఉంటుందని ఒంటి బరువంతా దాని మీద వేశాడు. గెడకి అడుగు తగల్లేదు. గెడతోపాటే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఊళ్లో పుట్టిన మాట విన్నారా? రాయి దిగిందన్నారు. మాస్టారు చూసినప్పుడు పన్నెండులోనే ఉందట, పేతురు దాన్ని పట్టుకుని ఇంకో నాలుగడుగులు కిందికి లాక్కుపోయాడట. ఆడవాళ్లు అక్కడ బట్టలుతకడం మానేశారు. గొర్రెలవాళ్లు కూడా దోవ మార్చుకున్నారు. ఏసోబు మాత్రం రోజూ పొద్దున టిఫిను డబ్బా తెచ్చుకుని గట్టు మీద కూర్చునేవాడు. మాస్టారు ప్రతి ఆదివారం మూలమట్టాలు పట్టుకుని వచ్చేవారు. ఇద్దరూ ఎదురెదురుగా ఉండేవారు.

"ఇయ్యాల ఎంత వచ్చింది సారూ?" అని అడిగేవాడు ఏసోబు.

"పన్నెండే ఏసోబూ."

"అయితే వాడింకా పోలేదు. కంటికి పన్నెండు చూపిస్తన్నాడు, తాడుకి పదారు చూపిస్తన్నాడు. రాయి ఎత్తి పట్టుకోని మనల్ని రమ్మంటన్నాడు. ఆ రెండు లెక్కలూ కలిసిననాడు వాడికి ఇడుదల."

మొదట్లో మాస్టారు, "ఎక్కడో నా తప్పుంది, దొరికిద్ది" అనేవారు. ఆ మాట అన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగలాగా నా భుజాలు నేనే తడుముకునేదాన్ని. తప్పు దొరకలేదు. చెక్కలు మార్చారు, గెడ మార్చారు, కళ్లజోడు మార్చారు. పన్నెండు మారలేదు. రెండో ఏడు వచ్చేసరికి ఆయన మాట మారింది. "మేడం, నిన్న చూస్తుంటే రాయి కదిలింది" అన్నారు. "రాయి మీద ఎవరో మోకాళ్లు ముడుచుకు కూర్చున్నట్టుంది" అన్నారు. ఎప్పుడూ ఏదీ నమ్మని మనిషి. నాకు భయం వేసింది. ఇంకా సిగ్గుచేటు మాట చెప్తాను, భయంతోపాటు ఊరట కూడా కలిగింది. దయ్యం ఉందంటే తప్పు ఆయనది కాదు. ఆయనది కాకపోతే నాది అసలే కాదు. పేతురు చచ్చిపోయి కూడా మా ఇద్దరి తప్పూ మోస్తున్నాడు.

మీరడగవచ్చు, అప్పుడైనా చెప్పొచ్చుగా అని. చెప్తే రెండో ప్రశ్న వస్తుంది కదా, ముందే తెలుసా అని. తేలు కుట్టిన దొంగకి నోరుంటుందా. కానీ నీళ్లు నన్ను వదల్లేదు. గ్లాసులో చెంచా వేస్తే విరిగినట్టు కనపడేది, చూడలేక స్టీలు గ్లాసులకి మారాను. బకెట్టు అడుగు పైకి తేలి కనపడేది, చెయ్యి పెడితే ఇంకా కిందికి ఉండేది. తోముతున్న చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని. ఆ పాఠం నాలుగేళ్లుగా క్లాసులో చెప్పలేదు. "చదువుకోండి, ముఖ్యమైనది కాదు" అని పేజీలు తిప్పేశాను. ముప్పై యేళ్ల రూపాయి బిళ్ల మాత్రం హ్యాండుబ్యాగులోనే ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు.

ఈ మార్చిలో మాస్టారి భార్య రత్నకుమారి ఫోన్ చేసింది. "తులసక్కా, ఆయన గెడ కొన్నాడక్కా. పద్దెనిమిది అడుగులది. రిటైరయ్యేలోపు ఒక్కసారి దిగి, చేత్తో తాకి చూస్తాడంట. ఈత రాదు గదక్కా ఆయనకి. నువ్వు చెప్తే వింటాడు" అంది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి బయల్దేరాను. వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. చెప్పలేకపోయాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చినా నా నోరు పెగల్లేదు. దానికి బదులు యల్లమంద దగ్గరికి పోయాను. "కాలవ నీళ్లు కట్టేశారు, మిరప ఆఖరి కోతకి నీళ్లు లేవని ఏడుస్తున్నారుగా. ఆ గుంట నిండా నీళ్లు పెట్టుకుని దయ్యమని దణ్ణం పెడుతూ కూర్చుంటారా" అని తిట్టాను. తిట్టడానికి నోరు బాగానే లేచింది. ముగ్గురు రైతులు కలిసి మూడు ఆయిల్ ఇంజన్లు పెట్టారు. ఆరు రోజులు తోడారు. నోటితో చెప్పాల్సింది ఇంజన్లతో చెప్పిద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున గుంట ఎండిపోయింది. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. తెల్లరాయి బురద పట్టి, చిన్నదై, అడుగున ఉంది. యల్లమంద నిచ్చెన వేసుకుని దిగి దాన్ని కాలితో తన్ని చూశాడు. అది విడిరాయి కాదు. క్వారీవాళ్లు కోయకుండా వదిలేసిన బండ, నేలలోంచే లేచి ఉంది. భూమి పుట్టినప్పటి నుంచి అది అంగుళం కదిలి ఉండదు. గోడ మీద పాత నీటి మరక తెల్లగా ఉంది. టేపు పట్టి మరక నుంచి రాయి దాకా కొలిచాడు. పదహారు అడుగులు.

మాస్టారు మూలమట్టం అంచున పెట్టుకున్నారు. నీళ్లు లేవు కాబట్టి నీటి మరక చూశారు, రాయి చూశారు. పైనుంచి మళ్లీ చూశారు. మోకాలి మీద కాగితం పెట్టుకుని గుణించి భాగించారు. మళ్లీ మొదటి నుంచి చేశారు. ఆయన వెనకే నిలబడ్డాను గదా, అంకె నాకు కనపడుతోంది. పదహారు.

"ఎంత సారూ?" అన్నాడు ఏసోబు.

"పదహారు ఏసోబూ."

ఏసోబు లేచి నిలబడ్డాడు. గుంటలోకి చూసి చేతులు జోడించాడు. "యెల్లిపోయాడు మావోడు. రెండు లెక్కలూ కలిసినయ్యి. యెల్లిపోయాడు సారూ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాలుగేళ్లలో ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. చుట్టూ ఉన్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. హమ్మయ్య అనుకున్నాను. దయ్యం వెళ్లిపోయింది, ఏసోబుకి శాంతి దొరికింది, మాస్టారు నీళ్లలో దిగరు. నా నోరు తెరవకుండానే అంతా సర్దుకుంది.

మాస్టారు తల ఎత్తలేదు. కాగితం వైపే చూస్తూ, నెమ్మదిగా, క్లాసులో పుల్లలు ఒక్కొక్కటి తీసేస్తున్నట్టు అన్నారు: "రాయి కదల్లేదు. చెక్కలు అవే. కన్ను అదే. లెక్క అదే. మారింది ఒక్కటే, నీళ్లు." అప్పుడు నా వైపు తిరిగారు. "నీళ్లు ఏం చేస్తయ్యి మేడం? అది మీ సబ్జెక్టు."

చెప్పాను. గిన్నె సంగతి, బిళ్ల సంగతి, మూడు వంతుల సంగతి. పదహారులో మూడు వంతులు పన్నెండు. ఆయన విన్నారు. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఆ రోజు మీకు తట్టలేదా?"

"తట్టింది మాస్టారూ."

"మరి?"

"ఇరవై ఎనిమిదిన సైన్స్ డే ఉంది గదా. స్కూలంతా కూర్చున్నప్పుడు లేచి, మీ లెక్క తప్పని అందరి ముందూ చూపిద్దామనుకున్నా. సైన్స్ కంఠస్థం అన్నారుగా. అందుకని ఎనిమిది రోజులు ఆగుదామనుకున్నా. పేతురు ఇరవై నాలుగున పోయాడు."

ఆయన మూలమట్టం మీద సుద్ద గీత వేలితో చెరిపేశారు. "నేను తాడు చుట్టేయమన్నా. అది ఒక తప్పు. మీరు చెప్పలా. ఇది ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టాలి మేడం" అన్నారు. "నాది ఎట్టాగూ బండ మీద పేరుతో సహా ఉంది. మీది ఏసోబుకి చెప్పండి."

"ఇప్పుడా? ఇప్పుడే గదా ఆయన మనసు కుదుటపడింది. ఎందుకు మాస్టారూ మళ్లీ రేపడం."

"మళ్లీ ఆగుదామంటారా?" అన్నారు. అంతే అన్నారు.

ఏసోబు దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాను. మాటలతో చెప్తే ఆయనకి తెలియలేదు. ఆయన టిఫిను డబ్బా ఖాళీగా ఉంది. బ్యాగులోంచి బిళ్ల తీసి అందులో వేశాను. అది కనపడకుండా పోయేదాకా జరగమన్నాను. నా సీసాలో నీళ్లు పోశాను. బిళ్ల పైకి లేచింది. ఏసోబు వంగి చూశాడు. చెయ్యి పెట్టి తాకాడు. మళ్లీ వెనక్కి జరిగి చూశాడు.

"అయితే మావోడు రాయిని పట్టుకోలా," అన్నాడు.

"లేదు."

"మమ్మల్ని రమ్మనలా."

"లేదు ఏసోబూ. వాడికేం తెలియదు. నీళ్లే అట్టా చూపిచ్చినయ్యి. నాకు ముందే తెలుసు. మోటారు పెట్టకముందే తెలుసు. చెప్పలేదు."

మాస్టారు వచ్చి మా పక్కన నిలబడ్డారు. ఏసోబు డబ్బాలో నీళ్లు బండ మీద పారబోశాడు. ఎర్ర అక్షరాలు తడిసి కొత్తగా రాసినట్టు కనపడ్డాయి. బిళ్ల తీసి పంచెకి తుడిచి నా చేతిలో పెట్టాడు. డబ్బాకి మూత బిగించుకుని, లేచి, వెళ్లబోతూ ఆగాడు.

"నీళ్లకి నోరు లేదమ్మా," అన్నాడు. "నీకుందిగా."